ఇనుము పనిలో కనబడని అపాయములు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిపై చౌటుప్పల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ వరుసగా తగులును. బెంగుళూరుకు పోవు రహదారిపై షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు తగులును. ఈ రెండు బాటల ప్రక్కలనే గాక లోపలి మండల కేంద్రములందు సైతము రేకుల షెడ్డు క్రింద నీలివెలుగు తళతళలాడుట బాటసారులకు నిత్యము కనబడు దృశ్యము. ట్రాక్టరు ట్రాలీలు, నీళ్ల ట్యాంకర్లు, కిటికీల గ్రిల్లులు, గేట్లు, షట్టర్లు, రైసుమిల్లుల పరికరములు ఈ షెడ్లలోనే రూపు దాల్చుచున్నవి. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు పలు జిల్లాలుగ విడిపోయినవి. ఈ ప్రసంగమునందు మేము ఆ రెండు పేర్లను పాత ఎల్లలతోనే వాడుచున్నాము.

ఒకప్పుడు ఊరికి కావలసిన ఇనుప పని అంతయు కమ్మరి కొలిమిలో జరిగెడిది. నాగలి కర్రు సాగగొట్టుట, బండిచక్రమునకు ఇనుప పట్టా ఎక్కించుట, కొడవలికి కక్కు పెట్టుట ఆ కొలిమి పనులు. ఆ పనియందు అపాయము లేకపోలేదు. కాని అది చాలవఱకు కంటికి కనబడునది. ఎఱ్ఱగ కాలిన ఇనుము ఎఱ్ఱగనే కనబడును. ఎత్తిన సమ్మెట ఎక్కడ పడునో తెలియును. నేటి షెడ్డులోని అపాయము అటువంటిది కాదు. సగము కనబడును, సగము కనబడదు. కనబడు సగమునకు పనివాడు తానే భయపడి జాగ్రత్త వహించును. కనబడని సగమును ఎవరైన చూపి చెప్పవలెను. ఈ ప్రసంగము ఆ రెండవ సగమును గూర్చినది.

కనబడని అపాయము ఎట్టిదో నల్లగొండ ప్రజలకు ఒకరు నేర్పవలసిన పని లేదు. మఱ్ఱిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతముల బావినీరు తేటగ ఉండెడిది. ఆ నీటిలో కరగియున్న ఫ్లోరైడు కంటికి కనబడలేదు, వాసన రాలేదు. సంవత్సరముల తరబడి ఎముకలలో చేరి నడుములను వంచినది, కాళ్లను వంకరలు చేసినది. రోగము బయటపడునప్పటికి చేరవలసినదంతయు చేరియున్నది. అంతమాత్రమున ప్రజలు నీరు త్రాగుట మానివేయగలరా? నీటినుండి ఆ పదార్థమును తొలగించు మార్గము వెదకిరి. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటిక, సున్నముతో ఫ్లోరైడును పేరబెట్టి తొలగించు పద్ధతిని 1970 దశకమున రూపొందించిరి. అది నేటికిని లోకమంతట 'నల్లగొండ పద్ధతి' అను పేరుతోనే ప్రసిద్ధము. తరువాత కృష్ణాజలము గొట్టములద్వారా గ్రామములకు వచ్చినది. ఈ అనుభవములో రెండు పాఠములు కలవు. కన్ను, ముక్కు, నాలుక చెప్పు సాక్ష్యము చాలదనునది మొదటిది. అపాయమును భరించుట నేర్చుకొనుటకంటె దానిని మూలముననే తొలగించుట మేలనునది రెండవది. ఇనుప పనికిని ఈ రెండు పాఠములే ఆధారము.

మొదట వెలుగును గూర్చి చెప్పుకొందము. వెల్డింగు రాడ్డు కొసన పుట్టు ఆర్కు వేడిమి కొన్నివేల డిగ్రీలు. అందు కంటికి కనబడు వెలుగుతోపాటు కనబడని అతినీలలోహిత కిరణములు కూడ ఉండును. అవి కనుగ్రుడ్డు పైపొరను కాల్చును. విచిత్రమేమనగ, కాలిన వెంటనే నొప్పి తెలియదు. ఆరు మొదలు పండ్రెండు గంటల తరువాత, సాధారణముగ అర్ధరాత్రివేళ, కండ్లలో ఇసుక పోసినట్లు మంట మొదలగును. పనివారు దీనిని 'కండ్లకు వెల్డింగు కొట్టినది' అందురు. ఉల్లిరసము, చనుబాలు, దొరికిన చుక్కలమందు పోయుట కొన్నిచోట్ల అలవాటు. ఇవేవియు చేయరాదు. చల్లని తడిగుడ్డ కప్పి, చీకటి గదిలో కన్నులు మూసికొని, తెల్లవారగనే కంటివైద్యుని చూడవలెను. పనిలో ఎండకు పెట్టుకొను నల్లకళ్లద్దములు ఏమాత్రము చాలవు. మామూలు రాడ్డు పనికి 10 లేక 11 సంఖ్యగల వెల్డింగు అద్దము కావలెను. వెల్డింగు చేయువాడు అద్దము పెట్టుకొన్నను, ఎదుట ఇనుము పట్టుకొన్న హెల్పరు ముఖము త్రిప్పుకొనుటతోనే సరిపెట్టుకొనుచున్నాడు. బాటప్రక్కన బడిపిల్లలు నిలిచి చూచుచున్నారు. మూడడుగుల పాత రేకు నొకదానిని తెరగ నిలిపినచో ఇందఱ కండ్లు నిలుచును.

వెలుగు తరువాత పొగ. ఈ పొగ కట్టెపొగవంటిది కాదు. కరగి ఆవిరియైన లోహము గాలిలో తిరిగి గడ్డకట్టగ ఏర్పడిన అతిసూక్ష్మరేణువులే ఈ పొగ. వీనిలో చాలభాగము మిల్లీమీటరులో వెయ్యవ వంతుకంటె చిన్నవి. అందుచేత ముక్కులోగాని గొంతులోగాని ఆగక ఊపిరితిత్తుల చివరి అరలవఱకు పోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు పొగను మనుష్యులకు కాన్సరు కలిగించునని రుజువైన వానిలో చేర్చినది. మాంగనీసు అధికముగ పీల్చినవారికి నరముల వ్యాధులు రావచ్చును. నేడు ప్రతి ఇంటి మెట్లకును అమర్చుచున్న స్టెయిన్‌లెస్ స్టీలు కమ్ములను అతుకునప్పుడు వెలువడు క్రోమియము మఱింత చెడ్డది. బలమైన అతుకులకు వాడు తక్కువ హైడ్రోజను రాడ్ల పూతలో ఫ్లోరైడు ఖనిజము ఉండును. దాని పొగలోను ఫ్లోరైడు ఉండును. నీటిలోని ఫ్లోరైడుతో ఇంతకాలము పోరాడిన నేలపై దానిని మఱియొక దారిన లోనికి తీసికొనుట తగునా?

జి.ఐ. రేకులు, జి.ఐ. గొట్టములు అతుకువారికి ఒక జ్వరము వచ్చును. ఇనుము కరగుటకు సుమారు 1,500 డిగ్రీల వేడి కావలెను. దానిపై పూసిన జింకు 907 డిగ్రీలకే మరగి ఆవిరియగును. కావున ఇనుము అతుకుకొనకమునుపే జింకు తెల్లని పొగయై లేచును. దానిని పీల్చినవానికి ఆ సాయంకాలము నోట లోహపు రుచి, చలి, ఒళ్లునొప్పులు, జ్వరము వచ్చి ఒకటి రెండు దినములలో తగ్గిపోవును. పనివారు దీనిని మలేరియా యనియో, ఎండదెబ్బ యనియో తలంతురు. వరుసగ పనిచేయు దినములలో శరీరము కొంత అలవాటుపడును, ఒక దినము సెలవు గడచినపిదప తిరిగి తలయెత్తును. అందుచేత పాశ్చాత్య దేశములలో దీనికి సోమవారపు జ్వరమని పేరు. అతుకు పడుచోట రెండుమూడు అంగుళములమేర జింకు పూతను ముందే తొలగించుట దీనికి మందు.

ఇచ్చట ఒక నమ్మకమును గూర్చి చెప్పక తప్పదు. మేము కార్యక్రమముల సేకరణకై ఈ ప్రాంతమున తిరుగునప్పుడు పలుచోట్ల విన్నమాట యిది: సాయంకాలము ఒక గ్లాసు పాలు త్రాగి, ఒక బెల్లపుముక్క తినినచో పొగ విరిగిపోవునట. కొందఱు యజమానులు దయతో పాలు తెప్పించి యిచ్చుచున్నారు కూడ. పాలు, బెల్లము మంచి ఆహారమే, కాదనువారు లేరు. కాని అవి పోవుదారి కడుపులోనికి. పొగ పోయినదారి ఊపిరితిత్తులలోనికి. ఒకదారిన పోయినదానిని మఱియొకదారిన పోయినది కడిగివేయలేదు. పాలకు ఖర్చుచేయు ధనమును కూడబెట్టి ఒక పంకా కొన్నచో పాలు చేయలేని పని అది చేయును.

కరెంటును గూర్చి ఒక్క విషయము. వెల్డింగు మిషను హోల్డరునందు, ఆర్కు వెలుగని సమయమున, 80 వోల్టులవఱకు ఉండవచ్చును. ఇంటి కరెంటుతో పోల్చినచో ఇది తక్కువయని పనివారు లెక్కచేయరు. పొడిచర్మమునకు ఆ మాట కొంత నిజమే. కాని మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీలకు చేరునప్పుడు, చెమటతో తడిసిన చొక్కాతో, ఇనుప ట్రాలీపై కూర్చుండి, ఉత్తచేతితో రాడ్డు మార్చువానికి అదే ప్రాణాంతకము కాగలదు. పొడి తోలు చేతితొడుగులు, కూర్చుండుటకు చెక్కపలక లేక రబ్బరు పట్ట, చిరుగులేని హోల్డరు ఇందుకు రక్ష. షెడ్డుకు వచ్చు తీగపై 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే తెగిపోవు స్విచ్చి తప్పక పెట్టించవలెను. గ్రైండరు, డ్రిల్లు పట్టినవానిని అది కాపాడును. కాని హోల్డరు వైపు తగులు దెబ్బను ఆ స్విచ్చి పసికట్టలేదు. అది యున్నదిగదా యని చేతితొడుగులు విడువరాదు.

గ్రైండరు బిళ్ల విషయము గూడ ఇట్టిదే. నాలుగంగుళముల బిళ్ల అంచు పూర్తివేగమున సెకనుకు 80 మీటర్లవఱకు పోవుటకు తగినట్లు తయారగును. గంటకు 288 కిలోమీటర్లన్నమాట. ఆ వేగమున విరిగిన ముక్క తుపాకిగుండుతో సమానము. ప్రతి బిళ్లపై గరిష్ఠవేగము అచ్చువేసియుండును. ఏడంగుళముల బిళ్లకు అది నిమిషమునకు సుమారు 8,500 చుట్లు. చిన్నగ్రైండరు 11,000 చుట్లు తిరుగును. గార్డు ఊడదీసి చిన్నగ్రైండరునకు పెద్దబిళ్ల తగిలించుట చేతులార ప్రమాదమును ఆహ్వానించుటయే.

గ్యాసు కటింగుయందు మూడు నియమములు మఱువరాదు. నల్లని ఆక్సిజను సిలిండరు రెగ్యులేటరునకు గ్రీజుగాని నూనెగాని తాకనీయరాదు. అధికపీడనమున ఆక్సిజను తగిలిన నూనె తనంత తానే అంటుకొనగలదు. ఎసిటలిన్ సిలిండరును పండుకొనబెట్టరాదు. అందులోని వాయువు ఎసిటోను అను ద్రవములో కరగియుండును, పండుకొనబెట్టినచో ఆ ద్రవమే బయటికి వచ్చును. చొక్కాపై దుమ్ము దులుపుకొనుటకు ఆక్సిజను గొట్టమును వాడరాదు. ఆ వాయువు నిండిన బట్టపై ఒక్క మిణుగురు పడినను క్షణములో భగ్గుమనును.

ఇక ఈ జిల్లాల షెడ్లకు విశేషమైన పనియగు నీళ్ల ట్యాంకరును గూర్చి కొంచెము విపులముగ చెప్పవలెను. ఫ్లోరైడు గ్రామములకు మంచినీరు మోసినది ఈ ట్రాక్టరు ట్యాంకరే. మిషన్ భగీరథ గొట్టములు వచ్చినపిదపను ఇండ్ల నిర్మాణమునకు, ఎండాకాలమున తోటలకు, పెండ్లిపందిళ్లకు ట్యాంకరు కావలసియే యున్నది. నాలుగువేల మొదలు ఐదువేల లీటర్లు పట్టు ఆ ఇనుప పీపాకు పైన ఒక మనిషి దూరునంత మూత ఉండును. లోపలి అతుకులు వేయుటకు, రంగు పూయుటకు పనివాడు ఆ రంధ్రము గుండ దిగును. అందఱికంటె సన్నని పిల్లవానినే దింపుట పరిపాటి.

రంగును పలుచన చేయు థిన్నరులలో చాలవానియందు ముఖ్యభాగము టోల్యీను అను ద్రవము. దీని ఆవిరి గాలికంటె మూడురెట్లు బరువు. అందుచేత పైకి లేచి మూతగుండ పోదు, పీపా అడుగుననే నిలుచును. గాలిలో నూటికి ఒక పాలు దాటినంతనే ఈ ఆవిరి నిప్పు అందుకొని పేలగలదు. ఐదువేల లీటర్ల ట్యాంకరు మొత్తము ఆ స్థితికి వచ్చుటకు ఎంత టోల్యీను ఆవిరి కావలెనో లెక్కవేసినచో సుమారు పావు లీటరు చాలునని తేలుచున్నది. లోపలి గోడలకు ఒక వరుస రంగు పూయుటలో అంతకు ఎన్నోరెట్లు ఆవిరియగును. పైగా ఈ ద్రవము నాలుగు డిగ్రీల చల్లదనమునందే మండదగిన ఆవిరిని విడుచును. మన ప్రాంతమున అది మండని కాలము సంవత్సరములో ఒక్కదినమైన లేదు. ఒక బీడీ, ఒక వదులైన బల్బు తీగ, ప్రక్కన గ్రైండరునుండి ఎగిరిన ఒక్క మిణుగురు చాలును.

పేలుడు లేకపోయినను మత్తు ఉన్నది. పేలుటకు కావలసినదానిలో ఇరువదవవంతు ఆవిరి చేరునప్పటికే తల తిరుగును, కాళ్లు తేలిపోవును. దిగినవాడు తనకు అపాయము వచ్చినదని తెలిసికొను శక్తినే ముందు కోల్పోవును. పాత ట్యాంకరు బాగుచేయుటలో మఱియొక ముప్పు. మూతబిగించి చాలకాలముంచిన పీపాలో తుప్పు తానే లోపలి ఆక్సిజనును తినివేయును. గాలి గాలివలెనే యుండును, దానిలో ప్రాణవాయువు తగ్గియుండును. కంటికిగాని ముక్కుకుగాని ఏ భేదమును తెలియదు.

ఇటువంటిచోట్ల ఒకని ప్రాణము పోయి ఆగదు. లోపల పడినవానిని చూచి పైనున్నవాడు ఆత్రముతో దూకును. అతడును పడును. రక్షింపబోయినవాడే రెండవవాడగుట ఇటువంటి ప్రమాదములలో తఱచు జరుగు విషాదము. మూసియున్నచోట పొగయైనను ఆవిరియైనను ఎంత వేగముగ దారులు మూయునో పాలమూరు ప్రాంతము ఎఱుగును. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమునందు నిప్పు పుట్టినప్పుడు పొగ నిండిన ఆ సొరంగమునుండి వెలికిరాలేక తొమ్మిదిమంది అసువులు బాసిరి. వారు శిక్షణ పొందిన ఇంజనీర్లు, ఉద్యోగులు. ఊరిషెడ్డులోని పదునెనిమిదేండ్ల యువకుడు వారికంటె ఎక్కువ తెలిసినవాడా?

కావున ట్యాంకరు పనికి ఒక క్రమము కావలెను. సాధ్యమైనంతవఱకు మనిషి దిగనవసరము లేకుండ చేయుట మొదటిది. చివరి బిళ్ల అతుకకమునుపే, పీపా ఒకవైపు పూర్తిగ తెఱచియుండగనే, లోపలిపూత పూసి ఆరనిచ్చి, అతుకుపడు అంచును మాత్రము విడిచిపెట్టవచ్చును. దిగక తప్పనిచో పెద్దగొట్టముగల పంకాతో పీపా అడుగువఱకు మంచిగాలి పంపుచు, పని ముగియువఱకు ఆ పంకాను ఆపక ఉంచవలెను. గాలికి బదులు ఆక్సిజను ఎన్నడును వదలరాదు. దిగినవాని నడుమునకు త్రాడు కట్టి, పైన ఒకమనిషి కదలక నిలిచి మాటలాడుచుండవలెను. లోపలివాడు పలుకనిచో పైవాడు త్రాడులాగవలెనే గాని తాను దూకరాదు. రంగు ఆరక, ఆవిరి పోక, ఆ దరిదాపుల వెల్డింగుగాని గ్రైండరుగాని వలదు. డీజిలు, పెట్రోలు మోసిన డ్రమ్ములకైతే ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను. నిండు డ్రమ్ముకంటె 'ఖాళీ' డ్రమ్మే భయంకరమైనది. ఖాళీయైనది ద్రవము మాత్రమే, ఆవిరి కాదు.

రంగులయందు ఇంకొక శత్రువు సీసము. ఇనుముపై మొదట పూయు ఎఱ్ఱపూతలు రెండు విధములు. ఒకటి రెడాక్సైడు. ఇది ఇనుము తుప్పునుండి చేసినది, జేగురుమన్ను రంగుది. రెండవది రెడ్‌లెడ్, అనగ సీసపు సింధూరము, నారింజఛాయగల ఎఱుపు. మొదటిదానిలోని ఎఱుపు హానిలేనిది, రెండవది విషము. పసుపు, నారింజ రంగులలో సీసపు క్రోమేటు వాడుట పూర్వమునుండి కలదు. ఇండ్లకు, అలంకరణకు వాడు రంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసము ఉండరాదని 2016లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధన 2017 నవంబరు 1నుండి అమలులోనికి వచ్చినది. కాని ఆ నిబంధన ఇండ్లరంగులకే. యంత్రములకు, ట్రాలీలకు వాడు పారిశ్రామికపు రంగులు దాని పరిధిలోనికి రాలేదు. కావున డబ్బా కొనునప్పుడు 'సీసము లేనిది' అను అక్షరములు చూచి కొనుట కొనువాని విధి. త్రాగునీటి ట్యాంకరు లోపలకైతే త్రాగునీటికి తగినదని డబ్బాపై వ్రాసియున్న పూతను తప్ప మఱియొకదానిని ముట్టరాదు. లేనిచో ఫ్లోరైడును తప్పించుటకు తెచ్చిన నీటిలో మనమే సీసము కలిపినవారమగుదుము.

సీసము శరీరమునందు ఎక్కడ నిలుచునో తెలిసినచో నల్లగొండవారు ఉలికిపడుదురు. ఎముకలలో నిలుచును. పెద్దవారి దేహములోని సీసమున నూటికి 90 వంతులకు పైగా ఎముకలలోనే దాగి, సంవత్సరముల తరబడి కొంచెముకొంచెముగ రక్తములోనికి వచ్చుచుండును. కడుపునొప్పి, మలబద్ధము, నీరసము, రక్తహీనత, మణికట్టు పట్టుతప్పుట దాని చిహ్నములు. పసిపిల్లలలో బుద్ధివికాసమునే అది దెబ్బతీయును. ఇంత సీసము చేరినను హాని లేదను హద్దు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. పాతరంగును టార్చితో కాల్చి తీయుట, గ్రైండరుతో గీకుట ఈ విషమును గాలిలో కలిపివేయును. తడిపి గీకుట మేలు. పనిబట్టలతోనే ఇల్లుచేరి బిడ్డను ఎత్తుకొనువాడు షెడ్డులోని సీసమును ఇంటికి మోసికొనిపోవుచున్నాడు. షెడ్డుననే చేతులు, ముఖము సబ్బుతో కడిగికొని, బట్టలు మార్చుకొని పోవలెను. కడుగుకొనుటకు థిన్నరు పనికిరాదు. అది చర్మముగుండ లోనికి ఇంకును.

గట్టిమెఱుపునిచ్చు రెండుడబ్బాల రంగులు నేడు ట్రాక్టరు షెడ్లకును వచ్చినవి. చిన్నడబ్బాలోని హార్డెనరునందు ఐసోసయనేటులు ఉండును. స్ప్రేగన్నుతో కొట్టినప్పుడు ఈ తుంపరలు ఊపిరిలో చేరి, ఉబ్బసమును కలిగించును. ఒకసారి ఆ దేహము దానికి పగపట్టినచో తరువాత లేశమాత్రము తగిలినను ఊపిరి ఆడదు. వేఱుచోటినుండి గొట్టముద్వారా శుభ్రమైన గాలినిచ్చు ముసుగులేక ఈ రంగును స్ప్రే చేయరాదు. ఆ వసతి లేనిషాపు ఆ రంగును విడిచి, బ్రష్షుతో పూయదగిన మామూలు రంగును ఎన్నుకొనుట వివేకము.

తుప్పువదలించుటకు ఇసుకను గాలివేగముతో కొట్టు పద్ధతి కొన్ని పెద్దషాపులలో ఉన్నది. ఇసుకలోని సిలికా దుమ్ము ఊపిరితిత్తులను రాయిచేయును. షాద్‌నగర్ ప్రాంతమున పలుగురాతిని పిండిచేయు మిల్లులలో పనిచేసిన పేదలు ఈ సిలికోసిసు వ్యాధితో మరణించుట పాలమూరువారు ఎఱిగిన దుఃఖమే. దానికి నయముచేయు మందు నేటికిని లేదు. ఇసుకకు బదులు ఇనుపగుళ్లతో, వైరుబ్రష్షుతో ఆ పని జరుపవచ్చును.

ఇన్ని అపాయములు విన్న శ్రోతలకు, ఇక ముసుగు కట్టుకొన్న చాలునుగదా యని తోచవచ్చును. ఇక్కడనే చాలమంది పొరపడుచున్నారు. మెడలోని తువ్వాలు ముక్కునకు చుట్టుకొనుట దుమ్మును కొంత ఆపునేమో గాని, లోహపుపొగను ఆపదు. దుమ్మును, పొగను ఆపు మేలైన ముసుగు సైతము థిన్నరు ఆవిరిని ఆపదు. దానికి బొగ్గుపొడి నింపిన వేఱు డబ్బీ కావలెను. ఆ డబ్బీ కూడ కొన్నిగంటలకు నిండిపోవును. ముసుగు చివరి రక్ష, మొదటిది కాదు.

సరియైన వరుస యిది. అపాయకరమైన పనియే లేకుండ చేయగలమా యని మొదట ఆలోచింపవలెను. పీపా మూయకమునుపే పూత పూయుట ఇటువంటిది. అది కుదరనిచో పదార్థమును మార్చవలెను. సీసపురంగుకు బదులు రెడాక్సైడు, స్ప్రేకు బదులు బ్రష్షు ఇటువంటివి. పిదప మనిషిని అపాయమునుండి వేఱు చేయవలెను. వెల్డింగుచోటు ఒకవైపు, రంగులచోటు దానికి దూరముగ మఱియొకవైపు ఉండవలెను. ఉన్న షెడ్డులో వెనుకగోడ రేకు ఒకటి ఊడదీసినను గాలి పారును. పంకాను ఎదుటపెట్టినచో పొగ ముఖముపైకి వచ్చును, వెనుకనుండి పెట్టినచో ముఖమునకు పనికి నడుమ సుడి తిరుగును. ప్రక్కనుండి వీచునట్లు పెట్టినచో పొగ ప్రక్కకే పోవును. తలను పొగస్తంభములోనికి వంచక, పనిని ఎత్తైన బల్లపై పెట్టుకొనుటకు కాసు ఖర్చులేదు. ఇవన్నియు చేసినపిదప మిగిలినదానికి ముసుగు, అద్దము, చేతితొడుగు.

చట్టమును గూర్చి కొంత తెలిసికొనుట మంచిది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కరెంటుతో నడచు షాపులో పదిమంది ఉన్నప్పుడే దానిని ఫ్యాక్టరీగ గణించెడిది. దానికి బదులుగ 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమలులోనికి తెచ్చిన వృత్తిభద్రతా కోడు ఆ సంఖ్యను ఇరువదికి పెంచినది. మన షెడ్లలో ఉండువారు ముగ్గురో, నలుగురో, ఆఱుగురో. అనగ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు తలుపు తట్టు అవకాశము వీరికి అరుదు. చట్టము తలలను లెక్కించును. పొగ తలలను లెక్కింపదు. ఇద్దఱున్న షెడ్డులోని జింకుపొగయు, రెండువందలమంది ఉన్న కర్మాగారములోని జింకుపొగయు ఒకటే. కావున చిన్నషాపునకు యజమానియే ఇన్‌స్పెక్టరు, మేస్త్రీయే శిక్షకుడు. ఒక్కవిషయములో మాత్రము చట్టము ఎంత చిన్నషాపునకైనను వర్తించును. పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనరాదు. పదునాలుగు మొదలు పదునెనిమిదేండ్లవఱకు అపాయకరమైన పనులలో పెట్టుకొనరాదు. పని నేర్చుకొనవచ్చిన బాలుని ట్యాంకరులోనికి దింపుట చట్టమునకును, మానవత్వమునకును విరుద్ధము.

వైద్యులకు కూడ ఒక మనవి. ఇటలీ దేశమున రామజ్జీని అను వైద్యుడు 1700లో వృత్తివారి రోగములపై ఒక గ్రంథము ప్రకటించెను. రోగిని అడుగు ప్రశ్నలలో 'నీ వృత్తి యేమి?' అనుదానిని చేర్చుమని ఆయన తోటివైద్యులకు బోధించెను. మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు దగ్గుతోనో, జ్వరముతోనో, కడుపునొప్పితోనో వచ్చిన యువకుని ఈ ఒక్క ప్రశ్న అడిగినచో సగము రోగనిర్ణయము అక్కడనే జరుగును. వైద్యుడు అడుగనిచో పనివాడే చెప్పవలెను: 'అయ్యా, నేను వెల్డింగు చేయుదును', 'నేను రంగులు కొట్టుదును' అని.

పాలమూరు కూలీలు ఇతరుల ప్రాజెక్టులకు, ఇతరుల భవనములకు దేశమంతట తిరిగి చెమటోడ్చినవారు. వారి బిడ్డలలో కొందఱు నేడు వలసపోక, సొంతఊరి దాపుననే ఒక మిషను, ఒక గ్రైండరు కొని షాపు పెట్టుకొని నిలదొక్కుకొనుచున్నారు. ఇది సంతోషింపదగిన మార్పు. ఈ పనిని మానుమనువారము మేము కాము. ముప్పదియేండ్లు చేయవలసిన పనిని పదియేండ్లకే ఊపిరి చాలక విడువవలసిన గతి పట్టరాదనియే మా కోరిక. రేపు ఉదయము షెడ్డు తెఱచినవారు, మిషను ఆన్‌చేయుటకు ముందు, ఒక్క నిమిషము నిలిచి చూడుడు. పొగ ఎటుపోవుచున్నది? థిన్నరు డబ్బా మూత ఉన్నదా? గ్రైండరునకు గార్డు ఉన్నదా? పీపాలోనికి ఎవరు దిగుచున్నారు, పైన ఎవరు నిలుచుచున్నారు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పుకొన్నపిదపనే పని మొదలు పెట్టుడు.